మొదటి మంచు పడేలోగా

చిరంజీవి అమ్మాయికి,

మీ పెద్దమ్మ దీవించి రాయునది.

మొన్న నువ్వు పంపిన ఫోటో చూశాను. గంపల నిండా టమాటాలు, కంచె దాటి పాకిన గుమ్మడి తీగ, పక్కన నువ్వు. పంట చూసి ఎంత సంతోషపడ్డానో, నీ కళ్ళ కింద నలుపు చూసి అంత బెంగపడ్డాను. "పెద్దమ్మా, ఏది ముందు చెయ్యాలో తెలీడం లేదు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి" అన్నావు. ఫోనులో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు, ఇందులో ఆయన పనులు కూడా ఉన్నాయి.

వేసవి పోయి ఆకురాలే కాలం దిగే ఈ ఆరేడు వారాలు ఏడాది మొత్తంలో అన్నిటికన్నా బరువైనవి. విత్తేటప్పుడు వారం ఆలస్యమైతే పంట వారం వెనకబడుతుంది, అంతే. ఇప్పుడు ఒక్క రాత్రి ఏమరితే పంటే ఉండదు. అందుకని ముందు మీ ప్రాంతంలో మొదటి మంచు, అంటే ఆకుల మీద తెల్లగా గడ్డకట్టే మంచు, ఎప్పుడు పడుతుందో వాతావరణ శాఖ లెక్కల్లో చూసుకో. ఆ తారీఖు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. ఆగలేని పని ముందు, ఆగగలిగేది తర్వాత. వాళ్ళిచ్చేది సగటు తారీఖు, కొన్నేళ్ళు అంతకన్నా ముందే పడుతుంది. కాబట్టి నీ గడువు ఆ తారీఖుకు రెండు వారాలు ముందే పెట్టుకో. పైగా చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి దిగుతుంది. మీ తోట పల్లంలో ఉంది గనుక ఊరందరికన్నా ముందు మీకే పడొచ్చు.

మంచు పట్టే రాత్రిని ముందే పసిగట్టొచ్చు. మబ్బు లేని ఆకాశం, కదలని గాలి, సాయంత్రానికే వణికించే చలి, ఈ మూడూ కలిస్తే అనుమానించాలి. అలాంటి రోజు పొద్దు వాలకముందే మొక్కల మీద పాత దుప్పట్లు నేలదాకా కప్పెయ్. పగలంతా నేల పట్టుకున్న వేడి లోపలే ఆగుతుంది. చీకటి పడ్డాక కప్పితే ఆ వేడి అప్పటికే పోయి ఉంటుంది. ప్లాస్టిక్ పట్ట ఆకులకు అంటుకుంటే అంటుకున్నంత మేరా మాడిపోతాయి, గుడ్డే మేలు. పొద్దున్నే తీసెయ్యడం మరవకు.

ఇప్పుడు తోటలోకి వద్దాం. టమాటా, చిక్కుడు, దోస, మిరప, గుమ్మడి, ఇవి మంచు తగిలితే చచ్చిపోతాయి. క్యాబేజీ, క్యారెట్, ముల్లంగి, పాలకూర లాంటివి తట్టుకుంటాయి. చలి తగిలిన క్యారెట్ పిండిని చక్కెరగా మార్చుకుంటుంది, అందుకే మంచు పడ్డాక తవ్వినవి తియ్యగా ఉంటాయి. నువ్వు భయపడి అన్నీ ఒకేసారి పీకేస్తావేమోనని చెప్తున్నాను. క్యారెట్ల జోలికి ఇప్పుడు పోకు, అవి నీకోసం ఆగుతాయి.

టమాటా ఆగదు. మంచుకు నెల రోజులుందనగా తీగల కొసలు తుంచెయ్. కొత్తగా పూసే పూలు ఎటూ కాయ కట్టవు, ఆ బలం ఉన్న కాయలకు పోతుంది. ఆఖరి రోజుల్లో నిండుగా ఊరిన పచ్చికాయలు కోసి ఇంట్లో 20 డిగ్రీల వేడి ఉండే మూల పరిచిపెట్టు. వాటికి ఎండ అక్కర్లేదు, కిటికీలో పెట్టాల్సిన పని లేదు. కాగితం సంచిలో వేసి ఒక పండిన ఆపిల్ జత చేస్తే దాన్నుంచి వచ్చే ఇథిలిన్ వాయువు వాటినీ పండిస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, ఆ చలికి రుచీ పోతుంది, పండడమూ ఆగిపోతుంది.

గుమ్మడి విషయంలో నా అనుభవం విను. నేను సేద్యం మొదలుపెట్టిన రెండో ఏడు నలభై కాయలు కాశాయి. తొడిమ పట్టుకుని ఎత్తి, కోసినవి కోసినట్టే నేలమాళిగలో ఒకదాని మీద ఒకటి పేర్చాను. నెల తిరిగేసరికి సగానికి పైగా కుళ్ళిపోయాయి. కూర్చుని ఏడ్చాను. తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. తొడిమ ఊడినా, తొక్కకు గీత పడినా అక్కణ్ణుంచే కుళ్ళు మొదలవుతుంది. తొక్క గట్టిపడకుండానే లోపల పెట్టేశాను, అది రెండో తప్పు. నువ్వు గోరుతో నొక్కి చూడు, తొక్క దిగకపోతే కాయ ముదిరినట్టు. రెండు మూడు అంగుళాల తొడిమ ఉంచి కోసి, అడుగు పట్టుకుని ఎత్తు. 27 డిగ్రీల ప్రాంతంలో, గాలి ఆడే చోట పది పదిహేను రోజులు ఆరనివ్వు. ఆ తర్వాత 10 నుంచి 13 డిగ్రీలు ఉండే పొడి గదిలో, ఒకదానికొకటి తగలకుండా అరల మీద పెట్టు. మీ ఇంట్లో మంచాల కింద కూడా సరిపోతుంది. వారానికోసారి చూసి మెత్తబడిన దాన్ని వెంటనే తీసెయ్.

ఉల్లిపాయల ఆకులు సగం నేలకు వాలగానే తవ్వి, నీడలో గాలికి రెండు మూడు వారాలు ఆరనివ్వు. మెడ పూర్తిగా ఎండితేనే ఆకు కత్తిరించు. బంగాళాదుంపలు కడగకు. మట్టి దులిపి చీకట్లో పెట్టు, వెలుతురు తగిలితే ఆకుపచ్చగా మారి చేదెక్కుతాయి. ఆ పచ్చలో విషం ఉంటుంది. ఉల్లినీ బంగాళాదుంపనీ ఒకే గదిలో పెట్టకు. ఉల్లికి పొడి కావాలి, దుంపకు చెమ్మ కావాలి, కలిపితే రెండూ పాడే. ఆపిల్స్ ఈ రెంటికీ దూరంగా ఉండాలి.

ఇక జాడీల్లో నిల్వ చేసే సంగతి. ఇక్కడ నేను కొంచెం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకు. చిక్కుళ్ళు ఉడికించి జాడీల్లో పోసి మూత బిగించానన్నావు. ఆ జాడీలు పారెయ్యమ్మా. రుచి చూడటం కూడా వద్దు. బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది. దాని బీజాలు మరిగే నీళ్ళకు చావవు. గాలి చొరని, పులుపు లేని జాడీ దొరికితే అక్కడ మేలుకుని విషం తయారుచేస్తాయి. ఆ విషానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తిన్నాక కండరాలు చచ్చుబడతాయి. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. ఆ పీహెచ్ 4.6 లేదా అంతకు లోపు ఉన్న పండ్లు, పళ్ళరసాలు మరిగే నీళ్ళలో ముంచి సీలు చేస్తే చాలు. చిక్కుడు, క్యారెట్, గుమ్మడి, మాంసం లాంటివాటికి 116 డిగ్రీల వేడి కావాలి. అది ప్రెషర్ కానర్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో జాడీలను మరిగే నీళ్ళకన్నా ఎక్కువ వేడి చేసే పాత్రలో తప్ప రాదు. వంటింటి కుక్కరు దానికి బదులు కాదు. టమాటా సరిగ్గా గీత మీద ఉంటుంది, కొన్ని రకాలు పుల్లన, కొన్ని కావు. అందుకే లీటరు జాడీకి రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, అరలీటరుకు ఒకటి తప్పకుండా వెయ్యి. అదీ సీసాలో అమ్మే నిమ్మరసం, ఎందుకంటే దాని పులుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పండుది అలా ఉండదు. ఎంతసేపు మరిగించాలన్నది మీరున్న ఎత్తును బట్టి మారుతుంది, పరీక్షించిన పట్టిక చూసి చెయ్యి, అందాజా వద్దు.

నన్నడిగితే, మొదటి ఏడాది కానర్ జోలికే పోవద్దంటాను. చిక్కుళ్ళు మూడు నిమిషాలు మరిగే నీళ్ళలో వేసి, వెంటనే ఐసు నీళ్ళలో ముంచి, ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టు. టమాటాలు కడిగి అలాగే గడ్డకట్టించు, తీశాక తొక్క దానంతటదే ఊడొస్తుంది. ఫ్రీజరు నిండితే ఇరుగుపొరుగుకు పంచు. నేను మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు రోజూ అర్ధరాత్రిదాకా జాడీలు నింపేదాన్ని. వాళ్ళకు కథ చెప్పే ఓపిక కూడా మిగిలేది కాదు. ఆ జాడీల్లో చాలావాటిని మరుసటేడు దుమ్ము తుడిచి పారబోశాను. ఇంటిల్లిపాదీ ఏడాదికి ఎంత తింటారో ముందు లెక్కేసుకుని అంతే నిల్వ చెయ్యి.

కోళ్ళు గుడ్లు తగ్గించాయని దిగులుపడ్డావు. వాటికేం జబ్బు లేదు. సెప్టెంబరు 22, 23 దాటాక రాత్రే పెద్దది. గుడ్డు పెట్టే కోడికి రోజుకు 14 గంటల పైన వెలుతురు కావాలి. దానికి తోడు ఇప్పుడు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటాయి. ఈకలో ఎక్కువ భాగం మాంసకృత్తులే, అందుకని దాణాలో ప్రోటీను 16 శాతం నుంచి 18, 20 దాకా పెంచు. లైటు పెట్టి గుడ్లు పెట్టించేవాళ్ళున్నారు, నేను పెట్టను. ఏడాదంతా ఇచ్చిన జీవానికి ఆ రెండు మూడు నెలలు విశ్రాంతి ఇవ్వాలనిపిస్తుంది. చలి వస్తోందని గూడు బిగించి మూసేయకు. కోళ్ళు పొడి చలిని తట్టుకుంటాయి, చెమ్మను తట్టుకోలేవు. ఊపిరి ఆవిరి, రెట్టల తడి లోపలే నిలిస్తే వాటి నెత్తి మీది ఎర్ర జుట్టు కొసలు గడ్డకట్టి నల్లబడతాయి. అవి కూర్చునే కర్రకు బాగా పైన గాలి రంధ్రాలు తెరిచి ఉంచు. వేడి బల్బు మాత్రం వేలాడదీయకు, గడ్డీ ఈకలూ ఉన్నచోట అది నిప్పుతో సమానం. అల్లుడు గారు గూటి చుట్టూ సన్నకన్ను ఇనుప జాలీ బిగించాలి. చూపుడు వేలు పట్టే సందుంటే చాలు, చలికాలంలో ఎలుకలన్నీ లోపలే కాపురం పెడతాయి.

మేకల మేత లెక్క ఇవ్వాళే వెయ్యి. ఒక్కో మేక రోజుకు సుమారు రెండు కిలోల ఎండుగడ్డి తింటుంది. మీకు రెండు మేకలు, పచ్చిక లేని రోజులు 150 అనుకుంటే 600 కిలోలు. అవి తొక్కి పాడుచేసేదానికి మరో ఐదో వంతు కలుపు, 720. చలి ముదిరాక గడ్డి దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. కొనేటప్పుడు మోపులోకి చెయ్యి దూర్చి చూడు. తడిగా, వెచ్చగా ఉంటే వద్దను. ఒక ఏడు వాన తడి ఆరని గడ్డి పాకలో పేర్చాం. వారం పది రోజులకు మాడిన పాకం వాసన వచ్చింది. మీ పెదనాన్న లేచి చూస్తే లోపలి నుంచి ఆవిరి. తడిగడ్డి పులిసి వేడెక్కి దానంతటదే అంటుకుంటుందని మాకప్పుడు తెలియదు. ఆ రోజు మా పాక మిగలడం మా అదృష్టం. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

పగళ్ళు పొట్టివవుతుంటే మేకలు ఎదకు వస్తాయి. సుమారు 150 రోజులకు ఈనుతాయి కాబట్టి పిల్లలు ఏ నెలలో పుడితే నీకు వీలో చూసుకుని పోతు దగ్గరికి పంపు. కటిక చలిలో అర్ధరాత్రి ఈనించడం మొదటి ఏడే వద్దు.

కట్టెలు ఇప్పుడు కొట్టినవి ఈ చలికాలానికి పనికిరావు, పచ్చికట్టె పొగే తప్ప వేడివ్వదు, దాని తారు పొగగొట్టం లోపల పేరుకుని నిప్పంటుకుంటుంది. ఈ ఏడాదికి ఎండినవి కొనుక్కోండి, తేమ 20 శాతం లోపు ఉండాలి. కొట్టినవి పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలి వచ్చే ఏటికి పేర్చండి. పొగగొట్టం శుభ్రం చేయించనిదే మొదటి మంట వెయ్యకండి. పిల్లలు పడుకునే గదుల దగ్గర, పొగలో ఉండే వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం పెట్టించండి.

పిల్లలకు పనులు పంచు. చిన్నాడికి విత్తనాల పని అప్పగించు. చిక్కుడు కాయలు కొన్నిటిని తీగ మీదే గలగలమనేదాకా ఎండనిచ్చి, వాడి చేత ఒలిపించి, కవరు మీద రకం పేరూ ఏడాదీ రాయించు. హైబ్రిడ్ విత్తనం దాచినా తల్లిలా రాదు. గుమ్మడి విత్తనం కూడా దాచకు. పక్క తోటల పుప్పొడి కలిసి ఒక్కోసారి చేదుకాయ కాస్తుంది, ఆ చేదు కడుపుకు విషం.

మంచు పడిన ఒకటి రెండు వారాలకు, నేల ఇంకా గడ్డకట్టక ముందు వెల్లుల్లి నాటాలి. ఉన్నవాటిలో లావుపాటి రెబ్బలు, మొన పైకి, రెండు అంగుళాల లోతు, ఆరు అంగుళాల దూరం. చలి తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడిపోదు, అందుకే ఇప్పుడే నాటడం. పైన ఎండు ఆకులు మందంగా కప్పు. ఏడాదంతా తవ్వి, కోసి, మోసి అలసిపోయిన చేతులతో మళ్ళీ నేలలో ఏదో పెట్టడం నాకు అన్ని పనుల్లోకీ ఇష్టమైన పని. మీ నలుగురూ కలిసి చెయ్యండి.

ఖాళీ అయిన మళ్ళను బోసిగా వదలకు, రై గడ్డో పచ్చిరొట్టో చల్లు. కుదరకపోతే రాలిన ఆకులు పరిచెయ్. ఆపిల్ చెట్ల కింద రాలిన కాయలు మాత్రం ఏరి పారెయ్యాలి, పురుగు అందులోంచి బయటికొచ్చి చెట్టు బెరడులోనో మట్టిలోనో శీతాకాలం గడుపుతుంది.

ఇవన్నీ ఈ ఏడే కావాలని లేదు. టమాటా, గుమ్మడి, మేత, పొగగొట్టం, ఈ నాలుగూ అయితే నాకు చాలు. ఆదివారం ఫోన్ చేస్తాను. అప్పటికి మంచు తారీఖు, గడ్డి లెక్క కనుక్కుని ఉంచు. ఆ చిక్కుడు జాడీలు పారేశానని కూడా చెప్పాలి, అది వినేదాకా నాకు నిద్ర పట్టదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ