పెళ్లిలో లైవ్ పెయింటింగ్‌కి ఎంతవుతుంది?

ప్రశ్న: మా చెల్లి పెళ్లి హైదరాబాద్‌లో, ముహూర్తం రాత్రి 11 దాటాక. లైవ్ పెయింటర్ (పెళ్లి జరుగుతుండగా అక్కడే బొమ్మ వేసే ఆర్టిస్టు) కావాలని పట్టుబట్టింది, ఒకాయన 60 వేలన్నాడు. ఎక్కువ కాదా అండీ?

జవాబు: ఎక్కువేం కాదండీ, ఫిక్స్‌డ్ రేటంటూ లేదు, కాస్త పేరున్నవాళ్లయితే లక్ష దాటే అడుగుతారు, అమెరికా పెళ్లిళ్లలోనైతే 1500 డాలర్ల పైమాటే. ముందు ఆ 60 వేలల్లో ఏమేం వస్తాయో అడగండి. కాన్వాస్ సైజు, ఎంతమంది బొమ్మలు వేస్తాడు, ఫ్రేము, వేరే ఊరి మనిషైతే టికెట్లు, రూము, ఇవన్నీ విడిగా వేస్తే బిల్లు ఎక్కడికో పోతుంది. చాలామంది ముందే వచ్చి మండపం, పూల డెకరేషన్ బొమ్మ వేసేసుకుని తర్వాత అందులో జంటని వేస్తారు, ఫినిషింగ్ ఇంటికెళ్లి చేసి కొన్ని వారాలకి పంపిస్తారు, కాబట్టి ఆ రాత్రే పూర్తి బొమ్మ చేతికొస్తుందనుకోకండి. ఆయిల్ పెయింట్ కన్నా అక్రిలిక్ పెయింట్ నయం, త్వరగా ఆరుతుంది, ఆరాక పిల్లలు చెయ్యి పెట్టినా భయం లేదు (పెడతారు, రాసిపెట్టుకోండి). మన పెళ్లిలో జీలకర్ర బెల్లం టైముకి చుట్టూ ఫొటోగ్రాఫర్లే ఉంటారు, పెయింటర్‌కి ఏమీ కనపడదు, అందుకే తలంబ్రాలో రిసెప్షనో ఏ సీన్ కావాలో ముందే తేల్చుకోండి. నన్నడిగితే రిసెప్షనే బెటర్, లైటింగ్ బావుంటుంది, రేటూ కాస్త బేరమాడొచ్చు. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వొద్దు, డెలివరీ డేటు రాయించుకోండి.