పిప్పలికి వామ్, ట్రైకోడెర్మా రెండూ వాడవచ్చా?

ప్రశ్న: కొబ్బరి తోటలో 40 సెంట్లలో పిప్పలి అంతరపంటగా వేశాను. పోయిన వానాకాలం తీగలు చాలావరకు కుళ్లిపోయాయి. ఈసారి కొత్తగా సంచుల్లో నారు పెంచుతున్నాను. వామ్ (మైకోరైజా అనే వేరు శిలీంధ్రం), ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే శిలీంధ్రం) రెండూ పశువుల ఎరువులో మాగబెట్టి తోటంతా చల్లమంటున్నారు. చల్లవచ్చా? – ఒక రైతు, అంబాజీపేట మండలం

జవాబు: రెండూ మేలు చేసే శిలీంధ్రాలేనండీ, కానీ వాటి దారులు వేరు. ట్రైకోడెర్మా ఎరువులో పెరుగుతుంది. వామ్ బతికున్న వేరులోనే పెరుగుతుంది, పేడలో ఎన్నాళ్లు మాగబెట్టినా పెరగదు. తోటంతా చల్లితే డబ్బు దండగ. వామ్‌ను నారు సంచిలోనే వాడండి. కొమ్మ గుచ్చే చోట చిన్న గుంత చేసి, సంచికి 5–10 గ్రాములు వేసి, దాని మీదే కొమ్మ నాటితే కొత్త వేరు దాన్ని తాకుతూ దిగుతుంది. ఇప్పటికే గుచ్చేసి ఉంటే వేరు పక్కన పుల్లతో రంధ్రం చేసి వేయండి. ఈ శిలీంధ్రం దారాలు వేరు అందుకోలేని చోటి నుంచి కూడా భాస్వరాన్ని తెచ్చిపెడతాయి. భాస్వరం పుష్కలంగా ఉంటే మొక్క ఈ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. అందుకే డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులు కొబ్బరి పాదులకే పరిమితం చేయండి, పిప్పలి వరసల్లో వేయొద్దు.

ట్రైకోడెర్మా సంగతి: బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలిపి, నీడలో తడి గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచండి. సంచి ఎత్తి చూస్తే ఎరువు మీద తెల్లటి బూజు, అక్కడక్కడా ఆకుపచ్చ పొడి కనబడాలి. ఘాటు వాసన కొడుతుంటే ఎరువు ఇంకా పచ్చిగా ఉన్నట్టే. తయారైనదాన్ని నాటేటప్పుడు గుంతల్లో వేయండి.

నా ఉద్దేశంలో మీ అసలు సమస్య నీరు. కాలువ కింద తోటల్లో వానాకాలం వేళ్లకు గాలి ఆడదు, అప్పుడు ఏ శిలీంధ్రమూ ఆదుకోలేదు. ముందు వరసల మధ్య మురుగు బోదెలు తీసి, మొక్కల్ని ఎత్తైన మట్టి కట్టల మీద నాటండి. ఆకుమచ్చ, తీగకుళ్లు కనిపిస్తే 1 శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) ఆకుల మీదే పిచికారీ చేయండి. మొదళ్లలో మాత్రం పోయకండి, కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని అసలే వద్దు, మీరు వేసిన ట్రైకోడెర్మా దెబ్బతింటుంది.