పాయింట్లు కొనేముందు

చిట్టీ,

చిన్న బెడ్రూమ్ ఖాళీ చేసి బొమ్మ రైలు లేఅవుట్ వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "మీ తమ్ముడి పిచ్చే దీనికీ పట్టింది బావగారూ" అని విసుక్కుంది. నాకైతే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే దిగాయి. టెన్షన్ ఆ తర్వాత మొదలైంది.

పట్టాల సంగతి తేలికే. హెచ్ఓ స్కేలంటున్నావు, అంటే అసలు రైలులో 87వ వంతు, కాబట్టి గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 16.5 మి.మీ. నికెల్ సిల్వర్ పట్టాలే తీసుకో. ఇత్తడివి చవకే, చిలుము పట్టాయంటే కరెంటు సరిగా అందదు. కోడ్ అంటే పట్టా ఎత్తు, నంబరు పెరిగితే ఎత్తు పెరుగుతుంది. కోడ్ 83 చూడ్డానికి అందం. మీ నాన్న పాత ఇంజన్లు కూడా నడుపుతానంటే కోడ్ 100 వెయ్యి, వాటి చక్రాల అంచులు లోతుగా ఉంటాయి. జాయింట్లను నమ్ముకోకుండా ప్రతి పట్టా ముక్కకీ విడిగా వైరు టంకం వెయ్యి.

ఇక పాయింట్లు, అంటే బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్లించేవి. నంబరు పెరిగేకొద్దీ మలుపు మెల్లగా తిరుగుతుంది. 4వ నంబరుది చోటు తక్కువ తీసుకుంటుందని అందరూ దాని మీదే పడతారు. యార్డుకు సరే. చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీ ప్రయాణికుల పెట్టె ఈ స్కేల్లో 24 సెం.మీ. దాటుతుంది, అంత పొడుగుదానికి మెయిన్ లైన్లో కనీసం 6వ నంబరు ఉండాలి. ఫ్రాగ్, అంటే పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు, లోహానిది తీసుకో. ప్లాస్టిక్‌దైతే పొట్టి ఇంజన్ సరిగ్గా దాని మీదే ఆగి కూర్చుంటుంది.

మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు బెజవాడ క్వార్టర్స్‌లో వాడూ ఒకటి వేశాడు. ఒక కొండ, కొండలో సొరంగం, సొరంగంలో పాయింటు. ఒక బండి లోపలికి పోవాలి, ఇంకో బండి బయటికి రావాలి, అదీ వాడి సరదా. వద్దురా అంటే వినలేదు, పైన ప్లాస్టర్ పోసేశాడు. తడి ప్లాస్టర్ చుక్క జారి, పాయింటులో కదిలే టంగ్ రైలుకీ దాని పక్కన కదలని స్టాక్ రైలుకీ మధ్య గట్టిపడింది. ఆవగింజంత కూడా ఉండదు. ఇంజన్ దాటేసేది. వెనక తేలిక పెట్టె చక్రం మాత్రం ఆ సందులో దూరేది. ఆ పెట్టె ముందు చక్రాలు ఒక లైన్లోకి, వెనక చక్రాలు ఇంకో లైన్లోకి. మోచెయ్యి దాకా పెట్టినా అందదు. ఆఖరికి వెధవ సుత్తి తీసుకుని కొండ పగలగొట్టాడు. లోపలున్న పెట్టెలూ నలిగిపోయాయి. అప్పుడు వాడి మొహం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. మళ్లీ పట్టాలు ముట్టుకోలేదు వాడు.

మా రైల్వేలో అసలు పాయింటుకి ఆ సందులోనే 5 మి.మీ. ముక్క అడ్డం పెట్టి పరీక్షిస్తాం. అది ఉండగా లాక్ పడకూడదు, సిగ్నల్ రాకూడదు. నీ స్కేల్లో అది కాగితం మందం కూడా ఉండదు. పైగా నీకు సిగ్నల్ ఆపే ఏర్పాటేమీ లేదు, నీ కళ్లే దిక్కు. బండి టంగ్ కొన వైపు నుంచి వచ్చే ఫేసింగ్ పాయింట్లయితే మరీ జాగ్రత్త. అందుకని నిలబడి చెయ్యి చాపితే అందని చోట పాయింటు పెట్టావో, ఊరుకోను. కొండ కావాలంటే కట్టుకో, కింద పాయింటు లేకుండా. కట్టినా వెనక తలుపు ఉండాలి.

ప్లాన్ నీ లేఅవుట్ ఎంతుంటుందో అంత సైజులోనే కాగితం మీద గీసి నాకు వాట్సాప్ చెయ్యి. మీ నాన్నకి కూడా చూపించు, కాసేపు గొణుగుతాడు, ఆ తర్వాత పక్కన కూర్చుంటాడు. పాయింట్లకి డబ్బు నేను పంపుతా. ప్లాస్టర్ సంచి మాత్రం ఇప్పుడే కొనకు.

పెదనాన్న