పార్టీ నోరు విప్పనప్పుడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి నువ్వు జిల్లా కోర్టులో ప్రాక్టీసు పెడుతున్నావని మీ నాన్న చెప్పగానే పట్టలేని సంతోషం కలిగింది. ఆ వెంటనే, ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు అందించే నీ అలవాటు గుర్తొచ్చి గుబులూ పట్టుకుంది. వేళకు కోర్టుకు వెళ్లు, కాగితాలు చదవకుండా వకాల్తా పుచ్చుకోకు. నేను చెప్పదలచింది మాట్లాడని పార్టీ గురించి, అంటే కేసు పట్టుకుని మన దగ్గరికి వచ్చి నోరు విప్పని మనిషి గురించి.

ముద్దాయి మౌనానికి రాజ్యాంగం 20(3) అధికరణ కాపు ఉంది. అది పోలీసు విచారణ దశలోనూ వర్తిస్తుందని 1978లో నందినీ సత్పథి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు చట్టంలో మోసమంటే ఏమిటో చెప్పే 17వ సెక్షన్ మాత్రం మళ్లీ మళ్లీ చదువు. లోపమున్న గుర్రాన్ని వేలం వేసేవాడు ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటే మోసం కాదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే చెప్పి తీరాలి. "నువ్వు కాదనకపోతే బాగున్నట్టే అనుకుంటాను" అని కొనేవాడు అన్నాక కూడా పలకకపోతే, ఆ మౌనమే మాట కింద లెక్క. ఆ చట్టం రాసిన 1872 నాటి దొరలు ఇంత ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో మన రాష్ట్రంలో సవరణ వచ్చిన కొత్తలో, మా సీనియరు గారు ఒక అమ్మాయి తరఫున భాగం దావా నడిపారు. ఒకనాడు ఆమె అన్నే ఆమెను వెంటబెట్టుకుని రాజీ కాగితాలతో వచ్చి, పెళ్లి ఖర్చులు పుచ్చుకుని మాగాణి వదులుకోవడానికి చెల్లెలు ఒప్పుకుందన్నాడు. "అంతేనా అమ్మా?" అని అడిగితే, ఆ పిల్ల పమిట చెంగు వేలికి చుడుతూ, విప్పుతూ, అన్న చెప్పుల వంకే చూస్తూ నిలబడింది. మౌనం అర్ధాంగీకారమని నవ్వి, ఆయన కాగితం ముందుకు జరిపారు. ఆమె సంతకం చేసింది. డిక్రీ అయ్యాక ఒక సాయంత్రం ఒంటరిగా వచ్చి, "మా అన్నను బయటికి పంపి అడుగుతారనుకున్నానండీ" అంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎంతటి సాక్షినైనా నిలబెట్టి కడిగే ఆయనకు నోట మాట రాలేదు.

భయపడినవాళ్లు, కోపం దిగమింగినవాళ్లు, అడిగింది అర్థంకాక తల ఊపేవాళ్లు పైకి ఒకేలా కనబడతారు. అందుకని వెంట వచ్చినవాళ్లను వరండాలో కూర్చోబెట్టు. పార్టీకి మంచినీళ్లిచ్చి, ఒక్క ప్రశ్న అడిగి, ఆగు. నీకు కష్టమైనది ఆ ఆగడమే తల్లీ. జవాబు రాకముందే రెండో ప్రశ్న వేశావంటే, మొదటిదానికి నీ జవాబునే ఆమె నోట పెట్టినట్టవుతుంది.

కోటు కుట్టించుకోవడానికి డబ్బు పంపుతున్నాను. ఈ సంగతి మీ నాన్నకు చెప్పకపోయినా ఏ సెక్షనూ అడ్డురాదు.

మీ పెదనాన్న