అరబ్బీ వస్తే గీజ్ వచ్చినట్లేనా?

ప్రశ్న: మా ఇంటి భాష ఉర్దూ. డిగ్రీలో అరబ్బీ చదువుతున్నాను. ఇస్లాంకు ముందటి యెమెన్, ఇథియోపియాల భాషలపై పరిశోధన చేయాలని ఉంది. అరబ్బీ ఒక్కటే చాలుతుందా? లేకపోతే దేనితో మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: అరబ్బీ మీకు మంచి పునాదే గాని, అదొక్కటే చాలదు. యెమెన్ శాసనాలకు సబాయీ, ఇథియోపియా గ్రంథాలకు గీజ్ అనే ప్రాచీన భాషలు నేర్చుకోవాలి. ఆ రెంటినీ విడదీసి చదవకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. 4వ శతాబ్దిలో ఇథియోపియా ప్రాంతపు అక్సుమ్ రాజ్యాన్ని ఏలిన ఎజానా తన విజయాన్ని గీజ్ లిపిలోను, ఎర్ర సముద్రానికి ఆవలి యెమెన్‌లో సబాయీకి వాడిన దక్షిణ అరేబియా లిపిలోను, గ్రీకులోను చెక్కించాడు.

గీజ్‌తో మొదలుపెట్టండి. సబాయీ శాసనాల్లో హల్లులే కనిపిస్తాయి, అచ్చులను మనమే ఊహించుకోవాలి. గీజ్‌లో మాత్రం మన గుణింతం వంటి ఏర్పాటు ఉంది. ‘బ’ అక్షరం రెండు కాళ్ల మీద నిలిచిన గుడిసెలా ఉంటుంది. కుడివైపు నడుమ చిన్న గీత పెడితే ‘బు’, అదే గీతను కుడికాలి అడుగుకు దించితే ‘బి’, ఎడమకాలిని పొట్టి చేస్తే ‘బా’ అవుతుంది.

పరిచితమైన మాటల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ‘అమ్లాక్’ అనగానే ఉర్దూ తెలిసిన మీకు ఆస్తిపాస్తులు గుర్తొస్తాయి. గీజ్‌లో ఆ మాటకు దేవుడని అర్థం. ధాతువు ఒక్కటే అయినా, అర్థం ఎంత దూరం నడిచిందో చూడండి!

శ్రమకు తగిన సాహిత్యం ఆ భాషలో ఉంది. ప్రాచీన యూదు మతగ్రంథమైన హనోకు గ్రంథం నేడు సంపూర్ణంగా దొరుకుతున్నది గీజ్‌లోనే. నన్ను మరీ ఆకట్టుకునేది ‘కెనే’ అనే కవిత్వం. చర్చి పాఠశాలల్లో విద్యార్థులు దీన్ని కొత్తగా కట్టి చెబుతారు. పైకి ఒక అర్థం, లోపల మరొకటి. మైనపు అచ్చు కరిగిన చోట కంసాలి బంగారం పోసినట్లుంటుంది కనుక ఈ పద్ధతిని ‘మైనమూ బంగారమూ’ అంటారు. మన శ్లేషను ఇష్టపడేవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది.

తోలుపత్రాల మీది గీజ్ రాతప్రతుల చిత్రాలను అమెరికాలో మిన్నెసోటాలోని హిల్ మ్యూజియం గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపుతోంది. రాతప్రతులను సరిపోల్చి పాఠాన్ని పరిష్కరించే పని ఎలా ఉంటుందో తెలియాలంటే మీ ఊళ్లోనే 1888లో మొదలైన, పాత అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసే సంస్థ దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. అక్కడ అచ్చయిన ఒక అరబ్బీ గ్రంథం తీసుకుని, పుటల అడుగున ఇచ్చిన పాఠభేదాలను ఓపికగా చదవండి.