కొత్త కారు కొన్న మేనకోడలికి

అమ్మలూ,

కారు ఫొటో చూశాం. మీ అత్తయ్య అప్పుడే దిష్టికి నిమ్మకాయలు, గుమ్మడికాయ అంటూ హడావిడి పడుతోంది. నేను అడిగేది ఒక్కటే, స్టెఫ్నీ, అదే అదనపు చక్రం, ఉందా? నవ్వకు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు, పంచర్ కిట్ ఉన్న కార్లకు స్టెఫ్నీ ఇవ్వకపోయినా ఫర్వాలేదని 2020లో రూలు మార్చారు. కాబట్టి డిక్కీలో కార్పెట్ ఎత్తి నీ కళ్ళతో చూసుకో. చక్రం బదులు కిట్ ఉంటే, అది మేకు దిగిన కన్నానికే పనికొస్తుంది. టైరు పక్కన చీలితే కారుని లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాల్సిందే.

ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాణ్ణి, నాకు తెలియనిదేముందిలే అనుకున్నాను. బస్సు ఆగితే డిపోకి కబురు పెడితే సరిపోయేది. రిటైరయ్యాక సొంత కారులో సంక్రాంతికి విజయవాడ బయల్దేరితే, చిట్యాల దాటాక రాత్రి పూట టైరు పోయింది. జాకీ ఉంది, పానా ఉంది, స్టెఫ్నీ ఉంది. దింపి చూస్తే స్టెఫ్నీలో గాలి లేదు! కొన్నప్పటినుంచీ దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. టార్చి తీస్తే లోపల సెల్స్ కారి తుప్పు పట్టి ఉన్నాయి. మీ అత్తయ్య ఫోను లైటు పట్టుకుని నిలబడింది, ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఇప్పటికీ గుర్తు.

అందుకే చెబుతున్నా, నెలకోసారి గాలి కొట్టించేటప్పుడు స్టెఫ్నీలోనూ కొట్టించు. బంకు కుర్రాడు దాని ఊసెత్తడు, నువ్వే అడగాలి. ఇంటి ముందు ఒక్కసారి చక్రం విప్పి బిగించి చూడు. షాపులో మిషన్‌తో బిగించిన నట్లు చేత్తో రావు. పానా తగిలించి, దాని మీద కాలు పెట్టి బరువు వెయ్యాలి. అదీ కారు ఎత్తకముందే. ఎత్తాక తిప్పితే చక్రమే తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎదురు మూలనున్న చక్రానికి రాయి అడ్డం పెట్టు. జాకీ కింద వేయడానికి చిన్న చెక్కముక్క ఉంచుకో. ఎండాకాలం మెత్తబడిన తారులో జాకీ దిగబడిపోతుంది. బిగించేటప్పుడు ఒక నట్టు, దానికి ఎదురు నట్టు. అల్లాయ్ చక్రాలకు దొంగతనం కాకుండా తాళం నట్టు ఉంటే, దాన్ని విప్పడానికి పానాకి తగిలించే అడాప్టర్ ఎక్కడుందో ఇవాళే వెతుకు. అది లేకపోతే ఎంత బలమున్నా చక్రం రాదు.

ఇంకా మంచి టార్చి, బ్యాటరీ దిగిపోతే వేరే బండి బ్యాటరీకి కలిపే జంపర్ కేబుల్, గాలి పంపు, పాత దుప్పటి, నీళ్ళ సీసాలు పెట్టుకో. ఇంజను వేడెక్కి ఆగితే మాత్రం ఆ నీళ్ళు రేడియేటర్లో పోసేద్దామని వెంటనే మూత తిప్పకు, మొహం కాలుతుంది. చల్లారేదాకా ఆగు. కారుతో ఎర్ర త్రికోణం ఇస్తారు. హైవే మీద దాన్ని కారుకి ఆనించి పెడితే దండగ. వెనక్కి వంద అంగలైనా నడిచి పెట్టు. నడిచేటప్పుడు దాన్ని లారీలకు కనబడేలా ఎదురుగా పట్టుకో. నలుగురూ దిగి ఎడమవైపు రెయిలింగు అవతల నిలబడండి. చలేస్తోందని కార్లో కూర్చోవద్దు.

ఇక కాగితాల సంగతి. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. గుద్దుకుంటే వచ్చే డబ్బు వేరు, దారిలో ఆగితే వచ్చే సాయం వేరు. ఆ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ని పాలసీలో విడిగా కలుపుకోవాలి. కారు కంపెనీ మొదటి ఏళ్ళకు ఇచ్చి ఉంటే రెండోసారి కొనకు. ఎన్ని కిలోమీటర్ల వరకు లాగుతారు, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు, ఇంటి దగ్గర ఆగినా వస్తారా, ఈ మూడూ అడుగు. కారు లాక్కెళ్ళడం వాళ్ళ పని, రిపేరు ఖర్చు మనదే. ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యి. దారిన పోయే క్రేన్ పిలిచి తర్వాత బిల్లు పంపితే పేచీ పెట్టొచ్చు. నీది ఆటోమేటిక్ కదా, తాడు కట్టి లాగనివ్వకు, గేర్‌బాక్స్ పోతుంది. బండిని పైకెక్కించుకునే లారీయే కావాలని ఫోన్లోనే చెప్పు.

వానాకాలం నీళ్ళలో ఇంజను ఆగితే మళ్ళీ స్టార్ట్ కొట్టవద్దు. లోపలికి నీళ్ళు పోయి ఉంటే ఇంజనే పోతుంది, మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు.

నేషనల్ హైవే మీద 1033కి ఫోన్ చేస్తే హైవే హెల్ప్‌లైన్ వాళ్ళు పగలూ రాత్రీ పలుకుతారు. ఎక్కడున్నారని అడుగుతారు. కిలోమీటరు రాయి మీది అంకె చెప్పు. ఎవరికైనా దెబ్బ తగిలితే 108. ఈ నంబర్లు, పాలసీ నంబరు కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టు. చార్జింగ్ అయిపోయిన ఫోనులో ఉన్న నంబరు ఏం చేసుకుంటావు?

ఆదివారం కారు తీసుకుని రా. పాత చుడీదార్ వేసుకో, చక్రం నువ్వే విప్పాలి. నేను కుర్చీ వేసుకుని చూస్తాను.

మీ మామయ్య