కాందిశీకుల నవలను చర్చకు పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి, జయపురం (ఒడిశా) నుండి నీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మల్కాన్‌గిరిలో నెలకొకసారి జరిగే మీ పుస్తక గోష్ఠికి ఈసారి ఒక కాందిశీక కుటుంబం కథను ఎంచుకున్నారనీ, చర్చ నడిపే బాధ్యత నీ మీద పడిందనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఆ నవల నేనూ చదివాను కనుక, నాకు తోచినది నా పొరపాటుతో సహా చెబుతాను.

మీ ఊరిలో ఈ నవల చదవడం హైదరాబాదులో చదవడం వంటిది కాదు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద, తూర్పు బెంగాలు నుండి వచ్చిన కుటుంబాలకు మీ చుట్టుపక్కలే అడవి కొట్టించి భూములిచ్చారు; ఆ ఊళ్లకు ఎం.వి., అంటే "మల్కాన్‌గిరి విలేజ్" అని అంకెలు వేస్తే జనం నేటికీ అలాగే పిలుస్తున్నారు. ఆ ఊళ్ల వారు ఇద్దరు మీ గోష్ఠికి వస్తారని రాశావు. నా భయమంతా అక్కడే. చాలా ఏళ్ల కిందట ఇటువంటి చర్చలోనే నేను ఒక బెంగాలీ మిత్రుని వైపు తిరిగి, "మీ ఇంట్లో జరిగింది చెప్పండి" అని అడిగాను. ఆయన మర్యాదకు రెండు మాటలు చెప్పి ఊరుకున్నారు. మరుసటి నెల నుండి రాలేదు. నవల చదవడానికి వచ్చిన మనిషిని సాక్షిబోనులో నిలబెట్టానని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాబట్టి ఆ ఇద్దరినీ మిగిలినవారి వలెనే పాత్రల గురించీ కథనం గురించీ అడుగు. తమ ఇంటి సంగతి చెప్పాలని వారికే అనిపిస్తే, అప్పుడు వినండి.

చర్చ "అయ్యో పాపం" దగ్గర ఆగిపోతే పది నిమిషాలలో టీ గ్లాసులు వస్తాయి. అందుకే మాటల నుండి మొదలుపెట్టు. "కాందిశీకుడు" అన్నది సంస్కృతంలోని "కాం దిశం", అంటే "ఏ దిక్కుకు" అన్న ప్రశ్న నుండి పుట్టిన మాట. దానిలో పరుగు ఉంది. "శరణార్థి"లో తలుపు తట్టడం ఉంది. బలిమెల జలాశయంలో ఊళ్లు మునిగినవారిని మనం "నిర్వాసితులు" అంటాము. అందులో వెళ్లగొట్టిన చెయ్యి కూడా కనబడుతుంది. ఈ మూడింటిలో ఏ మాట ఆ కుటుంబానికి ఏ అధ్యాయంలో సరిపోతుందో అడిగి చూడు. పెద్దలకు రాని భాషలో చిన్నపిల్ల అధికారులతో మాట్లాడే ఘట్టం వచ్చేసరికి, అక్కడ ఇంటి పెద్ద ఎవరన్న వాదం దానంతటదే లేస్తుంది.

కోయవారి భూముల మాటేమిటని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. దానిని అణచవద్దు, న్యాయమైన ప్రశ్నే. కాకపోతే, ముందు నుండీ ఆ నేల మీద ఉన్నవారికి ఈ నవలలో నోరు ఉందా అని పుస్తకం వైపే తిప్పు. నా లెక్కలో ఆ నవలకున్న పెద్ద లోపం అదే.

ఎవరు ఏ భాషలో మాట్లాడినా సరే, ఒడియాలో చెప్పినదానిని నువ్వు తెలుగులో రెండు ముక్కలు అందించు.

నా ప్రతిని ఆదివారం బస్సులో తెలిసినవారి చేతికిచ్చి పంపుతున్నాను. అంచులలో పెన్సిలుతో రాసినవి నా కోపాలు, వాటిని సభలో చదవవద్దు.

నీ పెదనాన్న